సూది గుచ్చేముందు... కుక్క సంగతి అడగండి!

మంద వెంట నడిచే కుక్కకీ, మనిషి వెన్నులోనో గుండెలోనో చడీచప్పుడూ లేకుండా పెరిగే నీటితిత్తికీ సంబంధం ఉంది. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఆ సంబంధాన్ని డాక్టరు ఎంత త్వరగా పసిగడితే రోగికి అంత మేలు. ఒంట్లో ఊహించని చోట్ల తిష్ఠ వేసే పరాన్నజీవుల తిత్తులపై ఈవారం ముఖచిత్ర కథనం.

తొడలో ఓ గడ్డ. నొప్పి లేదు, ఎరుపు లేదు. కొవ్వుగడ్డేలే అని ఏళ్ల తరబడి వదిలేస్తారు. ఇంకొకరికి నడుంనొప్పి, కాళ్లలో తిమ్మిరి. ఎక్స్‌రేలో వెన్నుపూస తినేసినట్టు కనిపిస్తే క్షయ అని మందులు మొదలవుతాయి. మరొకరికి పొత్తికడుపులో బరువు. స్కాన్‌లో నీటితిత్తి కనిపించగానే అండాశయానిదే అనుకుంటారు. రొమ్ములో కణితి చేతికి తగిలితే ఇక చెప్పక్కర్లేదు, ఇంటిల్లిపాదికీ క్యాన్సర్ భయం పట్టుకుంటుంది.

వీరిలో ఎవరికైనా సరే, అసలు కారణం కుక్క పేగుల్లో బతికే ఓ బుల్లి బద్దెపురుగు కావచ్చు. పొడవు అర సెంటీమీటరు అటూ ఇటూ. పేరు ఎకినోకోకస్ గ్రాన్యులోసస్. దాని పిల్ల రూపం మనిషి ఒంట్లో కట్టే నీటితిత్తిని డాక్టర్లు హైడాటిడ్ సిస్ట్ అంటారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఎకినోకోకస్ జబ్బులతో ఏ సమయంలో చూసినా 10 లక్షల మందికి పైగా బాధపడుతుంటారు. మనదేశంలో ఇది ఎక్కువగా కనిపించే రాష్ట్రాలు ఏవంటే వైద్య గ్రంథాలు ముందుగా చెప్పే పేర్లలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కర్నూలులో ఈ వ్యాధి తీరుతెన్నులపై సి.ఆర్.ఆర్.ఎం. రెడ్డి బృందం చేసిన అధ్యయనం 1968లోనే ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో అచ్చయింది. అప్పటికి ప్రకాశం జిల్లా పుట్టనే లేదు. 1970లో కొత్త జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు కర్నూలులోనే ఉండేవి. పైగా కర్నూలు పడమటి మండలాల కూలీలు ఏటా 'సుగ్గి'కి పిల్లాపాపలతో గుంటూరు వైపు వచ్చి పత్తి తీస్తారు, మిరప కోస్తారు. కాబట్టి అది పక్క జిల్లా గొడవ అనుకోవడానికి వీల్లేదు.

మంద, కొట్టు, కుక్క

పత్తి కట్టె పీకేశాక, మిరప ఆఖరి కోత అయిపోయాక చేలల్లోకి గొర్రెలు దిగుతాయి. కాపరులు మందల్ని తోలుకొస్తారు. రైతు రాత్రికి ఇంత అని మాట్లాడుకుని మంద కట్టించుకుంటాడు. గొర్రె పెంటతో చేనుకు బలం, కాపరికి నాలుగు డబ్బులు. మందకు కాపలా కుక్కలు. దారిలో గొర్రె చస్తే విందు వాటికే. ఊళ్లో కొలుపులకు పొట్టేలు తెగినా, ఆదివారం మాంసం కొట్టు ముందు జనం మూగినా వాటి వాటా వాటికి అందుతూనే ఉంటుంది.

కొట్టు దగ్గర కాసేపు నిలబడితే ఈ జబ్బు మొదలయ్యే చోటు కళ్లారా కనిపిస్తుంది. కసాయి కార్జాన్ని మొద్దు మీద పరుస్తాడు. ముదురు ఎరుపు మీద అక్కడక్కడా తెల్లగా, బిగుతుగా ఉబ్బిన బుడగలు. కొన్ని బఠాణీగింజంత, కొన్ని నిమ్మకాయంత. కత్తిమొన తగిలితే తేటనీరు చివ్వున చిమ్ముతుంది. ఆ వెంటే తెల్లటి మెత్తని పొర జారి బయటికొస్తుంది. కొనేవాళ్లు అది వద్దంటారు. కసాయి ఆ ముక్క వరకూ కోసి పక్కకు విసురుతాడు. అది నేలమీద పడకముందే కుక్క అందుకుంటుంది.

ఆ నీటిలో కంటికి ఆనని పురుగు తలలు వేలల్లో ఉంటాయి. కుక్క పేగుల్లోకి చేరిన ప్రతి తలా ఓ పురుగు కాగలదు. ఆరేడు వారాలు తిరిగేసరికి వాటి గుడ్లు కుక్క మలంలో పడటం మొదలవుతుంది. గడ్డి మీద పడ్డ గుడ్లను గొర్రె, మేక, గేదె మేస్తాయి. వాటి కార్జంలో, ఊపిరితిత్తుల్లో మళ్లీ బుడగలు కడతాయి. కుక్క నుంచి గొర్రెకు, గొర్రె నుంచి కుక్కకు సాగే ఈ చక్రంలో మనిషికి నిజానికి పనేమీ లేదు. కుక్కను నిమిరిన చేత్తో అన్నం తిన్నా, సరిగా కడగని ఆకుకూర పచ్చిగా తిన్నా, కుక్కలు తిరిగే కుంటలో నీళ్లు తాగినా గుడ్డు లోపలికి పోతుంది. అక్కడితో మనిషి కూడా గొర్రె చోట నిలబడతాడు.

ఎండకూ ఆరుదలకూ ఈ గుడ్లు తట్టుకోలేవు. తేమా, నీడా దొరికితే మాత్రం నెలల తరబడి బతికే ఉంటాయి. అందుకే కళ్లంలో ఎండిన మిరపకాయ గురించి దిగులు పడాల్సిన పనిలేదు. చేతి శుభ్రత, తాగే నీరు, పచ్చిగా తినే కూర... జాగ్రత్త వీటితోనే.

రెండు వడపోతలు దాటితే...

మింగిన గుడ్డు చిన్నపేగులో పగులుతుంది. లోపలి పిండం పేగు గోడను తొలుచుకుని రక్తంలో పడుతుంది. పేగుల రక్తమంతా ముందు చేరేది కాలేయానికే. అక్కడి సన్నని రక్తనాళాల్లో చాలావరకు ఇరుక్కుంటాయి. అందుకే సుమారు 70 శాతం తిత్తులు కాలేయంలోనే కనిపిస్తాయి. దాన్ని దాటినవి గుండె కుడివైపు నుంచి ఊపిరితిత్తులకు పోతాయి, అక్కడ మరో 20 శాతం ఆగుతాయి. ఈ రెండు వడపోతల్నీ తప్పించుకున్న మిగతా పదోవంతు రక్తం పారే ఏ చోటైనా స్థిరపడొచ్చు. ప్లీహం, మూత్రపిండం, మెదడు, ఎముక, కండరం, గుండె గోడ, థైరాయిడ్, రొమ్ము, కంటిగూడు... చిట్టా చాలా పెద్దది.

పెరుగుదల నిదానం. ఏడాదికి ఒకటి నుంచి ఐదు సెంటీమీటర్ల దాకా ఉండొచ్చు. చిన్నప్పుడు మేకపిల్లతో, కుక్కపిల్లతో ఆడుకుంటూ మింగిన గుడ్డు, పెళ్లయి పిల్లలు పుట్టాక బయటపడొచ్చు. కడుపులో చోటు ఎక్కువ కాబట్టి కాలేయంలో తిత్తి పుచ్చకాయంత అయినా మనిషి పని చేసుకుంటూనే ఉంటాడు. వెన్నుపాము పక్కన గోలీకాయంత తిత్తికే కాళ్లు పడిపోతాయి. ఎక్కడుంది అన్నదాన్ని బట్టే దాని ప్రమాదం.

తిత్తికి మూడు పొరలు. బయటిది మన ఒళ్లు తన రక్షణ కోసం కట్టుకున్న గట్టి పొర. మధ్యలో తెల్లటి పొరల పొర. అన్నిటికంటే లోపల పలుచటి సజీవ పొర, పిల్లతిత్తుల్ని పుట్టించేది అదే. లోపలి నీరు చూడటానికి తేటగా ఉన్నా ఒంటికి అది పరాయి ప్రోటీన్ల ద్రావణం. తిత్తి పగిలి ఆ నీరు చిందితే రెండు ముప్పులు. మొదటిది అప్పటికప్పుడు వచ్చేది. ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం, రక్తపోటు పడిపోవడం, కొన్నిసార్లు ప్రాణమే పోవడం. రెండోది ఏళ్ల తర్వాత తెలిసేది. చిందిన ప్రతి పురుగు తలా ఓ కొత్త తిత్తి కాగలదు. ఒక తిత్తి ఉన్న చోట కడుపంతా తిత్తులతో నిండిపోతుంది.

గడ్డ ఏమిటో తెలియకుండా పరీక్ష కోసం సూది గుచ్చకూడదనేది ఇందుకే.

అనుమానం వస్తేనే ఆచూకీ

కాలేయంలో తిత్తి కనిపిస్తే మన ప్రాంతంలో చదువుకున్న ఏ డాక్టరుకైనా హైడాటిడ్ గుర్తొస్తుంది. తొడ కండరంలోనో థైరాయిడ్‌లోనో అదే తిత్తి ఉంటే చప్పున తట్టదు. కండరాలు అస్తమానం కదులుతూ ఉండటం, వాటిలో లాక్టిక్ ఆమ్లం చేరుతుండటం తిత్తి పెరుగుదలకు అడ్డమని చెబుతారు. అందుకే అక్కడ అరుదు. అరుదు కాబట్టే అనుమానం రాదు, అనుమానం రాదు కాబట్టి సూది ముందు దిగుతుంది.

ఒక్కో చోట ఒక్కో వేషం. ఎముకలో ఈ పురుగు గుండ్రటి తిత్తి కట్టదు. బయటి గట్టి పొర అక్కడ ఏర్పడదు కాబట్టి ఎముక గుల్లల్లోకి సందుసందునా పాకుతుంది. వెన్నుపూసలో అయితే అచ్చం క్షయలాగే కనిపిస్తుంది. క్షయ మందులు నెలల తరబడి వాడినా గుణం కనిపించకపోతే అప్పుడు సందేహం మొదలవుతుంది. ఎంత తొలగించినా మళ్లీ మొలిచే దాని గుణం చూసి వెన్ను హైడాటిడ్‌కు 'తెల్ల క్యాన్సర్' అని పేరు పెట్టారు. మూత్రపిండంలో తిత్తి పగిలితే మూత్రంలో ద్రాక్షతొక్కల్లాంటి పొరలు పడతాయి. ఊపిరితిత్తిలో పగిలితే దగ్గులో ఉప్పునీరు, తెల్లటి పొరలు వస్తాయి. ఆ మాట రోగి చెప్పడమే సగం రోగ నిర్ధారణ. గుండె గోడలో ఉంటే ఛాతీనొప్పి, గుండెదడ. కంటి వెనక ఉంటే కనుగుడ్డు ముందుకు పొడుచుకొస్తుంది. మెదడులో ఉంటే తలనొప్పి, వాంతులు, చూపు మందగించడం. మెదడు తిత్తులు పిల్లల్లోనే ఎక్కువ.

వీటన్నిటికీ తొలి పరీక్ష ఖరీదైనదేమీ కాదు. చిన్న పట్టణాల్లోనూ దొరికే అల్ట్రాసౌండ్ స్కాన్ చాలావరకు గుట్టు విప్పుతుంది. చూడటం తెలిసిన డాక్టరు తెర మీద మూడు గుర్తులు వెతుకుతారు. మొదటిది, తిత్తి గోడ రెండు గీతలుగా కనిపించడం. రెండోది, లోపల చిన్నచిన్న పిల్లతిత్తులు కిక్కిరిసి ఉండటం. మూడోది, లోపొర ఊడి నీటిలో తేలడం. వైద్య పుస్తకాల్లో దీన్ని కలువ గుర్తు అంటారు. రోగిని ఓ పక్కకు ఒత్తిగిలమంటే అడుగున పేరుకున్న సన్నని ఇసుకలాంటిది పైకి లేచి మళ్లీ మెల్లగా దిగుతుంది. మామూలు నీటితిత్తిలో ఇవేవీ ఉండవు. ఎముక, మెదడు, గుండె, వెన్ను అయితే సీటీ, ఎమ్మారై తప్పవు.

రక్తపరీక్ష దగ్గర చాలామంది బోల్తా పడతారు. ఎలీసా పరీక్షలో పాజిటివ్ వస్తే అనుమానానికి బలం చేకూరుతుంది. నెగటివ్ వస్తే జబ్బు లేనట్టు కాదు. తిత్తి పగలకుండా బిగుతుగా ఉన్నప్పుడు దాని ప్రోటీన్లు రక్తంలోకి రావు, ఒంటికి శత్రువు జాడే తెలియదు. మెదడు, ఊపిరితిత్తుల తిత్తుల్లో నెగటివ్ రావడం మామూలే. పోనీ పాజిటివే వచ్చిందనుకుంటే, వేరే బద్దెపురుగు ఉన్నవారికీ అలా రావచ్చు. చర్మంలోకి మందు ఎక్కించి దద్దురు చూసే పాతకాలపు కసోనీ పరీక్షను ఇప్పుడు పక్కన పెట్టేశారు.

వీటన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. వాటికి పైసా ఖర్చు లేదు. ఇంట్లో కుక్క ఉందా? గొర్రెలు, మేకలు కాశారా? చిన్నతనం ఏ ఊళ్లో గడిచింది? మాంసం కొట్టు పనిగానీ, మంద పనిగానీ చేశారా? ఇంతకుముందు కాలేయానికో ఊపిరితిత్తులకో ఆపరేషన్ అయిందా? గుంటూరులో ఓపీ రద్దీలో ఈ ప్రశ్నలకు పట్టేది ఒక్క నిమిషం. అడగకపోతే పోయేది ఏళ్లు. ఊహించని చోట తిత్తి దొరికిందంటే కాలేయాన్నీ ఊపిరితిత్తుల్నీ కూడా స్కాన్ చేయాలి, అక్కడ పెద్దన్న కూర్చుని ఉండొచ్చు.

నాలుగు దారులు

అల్ట్రాసౌండ్‌లో కనిపించే రూపాన్ని బట్టి ఈ తిత్తుల్ని దశలుగా విడగొట్టే పద్ధతిని 1981లో ట్యునీషియాకు చెందిన డాక్టర్ ఘార్బీ బృందం ప్రతిపాదించింది. దాన్ని మెరుగుపరిచి ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఐదు దశలు చేశారు. చికిత్స ఈ దశను బట్టే.

మొదటి దారి, మందు. ఆల్బెండజోల్. బడిలో నులిపురుగుల దినం నాడు పిల్లలకు వేసే మాత్రే ఇది. అక్కడ ఒక్క మాత్రతో సరి. ఇక్కడ బరువును బట్టి కిలోకు రోజుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు రెండు పూటలుగా, నెలల తరబడి వాడాలి. ఖాళీ కడుపున వేసుకుంటే ఒంటికి పట్టేది తక్కువ. నెయ్యో పాలో గుడ్డో ఉన్న భోజనంతో వేసుకోవాలి. కాలేయం పనితీరు, తెల్లకణాల లెక్క మధ్యమధ్యలో చూడాలి. గర్భిణులకు, ముఖ్యంగా తొలి నెలల్లో, పనికిరాదు. కాలేయంలో ఐదు సెంటీమీటర్ల లోపు లేత తిత్తులు చాలావరకు దీనికే లొంగుతాయి.

రెండోది, సూది. అవును, భయపెట్టిన ఆ సూదే. స్కాన్‌లో చూస్తూ తిత్తిలోకి సూది దించి, నీరు లాగి, పురుగు తలల్ని చంపే గాఢమైన ఉప్పునీరో ఆల్కహాలో ఎక్కించి, కాసేపు ఉంచి మళ్లీ లాగేస్తారు. దీన్ని పెయిర్ అంటారు. 1980ల్లో మొదలైంది. ముందే ఆల్బెండజోల్ మొదలుపెట్టి, పక్కన అడ్రినలిన్ సిద్ధంగా ఉంచుకుని, అనుభవం ఉన్నవారు చేస్తే ఇది మంచి చికిత్స. తిత్తికీ పైత్యనాళానికీ దారి ఉంటే మాత్రం ఆ మందులు నాళాల్ని కాల్చేస్తాయి కాబట్టి చేయరు. ఊపిరితిత్తుల తిత్తికీ ఇది పనికిరాదు. ఏం గుచ్చుతున్నామో తెలిసి గుచ్చితే వైద్యం, తెలియక గుచ్చితే ప్రమాదం.

మూడోది, ఆపరేషన్. పిల్లతిత్తులతో నిండినవి, పగిలేలా ఉన్నవి, మెదడు, గుండె, వెన్ను, కంటిగూడు లాంటి చోట్ల ఉన్నవి కత్తికే వదలాలి. చుట్టూ ఉప్పునీటిలో ముంచిన గుడ్డలు పరిచి, చుక్క కూడా చిందకుండా తీస్తారు. కండరంలో ఉంటే చుట్టూ కొంత కండతో కలిపి, పగలకుండా మొత్తంగా తీయడమే ఉత్తమం. కడుపులో అయితే ల్యాప్రోస్కోపీలోనూ చేస్తున్నారు. చిందకుండా పీల్చేసే వెడల్పాటి గొట్టం ఒకటి కోయంబత్తూరుకు చెందిన సర్జన్ సి. పళనివేలు రూపొందించారు, అది ఆయన పేరుతోనే ప్రసిద్ధం. ఆపరేషన్‌కు ముందూ తర్వాతా ఆల్బెండజోల్ వాడటం ఆనవాయితీ. ఊపిరితిత్తిలో పెద్ద తిత్తి ఉంటే మాత్రం ముందుగా మందు ఇవ్వడానికి వెనకాడతారు, మందుకు తిత్తి మెత్తబడి ఛాతీలోనే పగలొచ్చు.

నాలుగోది, ఏమీ చేయకపోవడం. తిత్తి ఎండి, సున్నం పట్టి గట్టిపడిందంటే లోపలి పురుగు చచ్చినట్టే లెక్క. బాధ పెట్టకపోతే ఏటా స్కాన్ చేసి చూసుకుంటే చాలు. ఇలాంటివాటికీ కత్తి పెట్టించుకుని అప్పులపాలయ్యేవారు ఉన్నారు.

మెదడులోంచి తేల్చి తీస్తారు

ఈ చికిత్సలన్నిటిలో చూసి తీరాల్సింది మెదడు ఆపరేషన్. పిల్లాడి తలలో నారింజకాయంత తిత్తి. దాని గోడ కాగితమంత పలుచన. పట్టకారుతో పట్టుకుంటే చిరుగుతుంది, చిరిగితే ప్రాణం మీదికొస్తుంది. సర్జన్ పుర్రె ఎముకను తిత్తి కంటే వెడల్పుగా తెరుస్తాడు. తిత్తి మీద సాగి పలచబడిన మెదడు పొరను మెల్లగా విప్పుతాడు. అప్పుడు మెత్తటి రబ్బరు గొట్టాన్ని తిత్తికీ మెదడుకీ మధ్య సందులోకి జార్చి గోరువెచ్చని ఉప్పునీరు వదులుతాడు. నీరు చేరేకొద్దీ తిత్తి మెదడు నుంచి విడివడుతుంది. ఆపరేషన్ బల్లను తలవైపు దించుతారు. తిత్తి తన బరువుకు తనే జారుతూ, నీటి తోపుడుకు కిందనున్న గిన్నెలోకి చెక్కుచెదరకుండా దిగుతుంది. ఆ కొద్ది నిమిషాలూ మత్తు డాక్టరు చూపు రక్తపోటు అంకె మీదే. దీన్ని డౌలింగ్ పద్ధతి అంటారు. దక్షిణ అమెరికా గొర్రెల దేశాల్లో పుట్టిన ఈ ఉపాయమే ఇప్పటికీ ప్రపంచమంతా వాడుకలో ఉంది.

ఇంకో తిత్తి, ఇంకో దారి

ఊహించని చోట తిత్తి కనిపిస్తే అనుమానించాల్సిన రెండోది సిస్టిసెర్కోసిస్. ఇది పంది బద్దెపురుగు వల్ల వచ్చేది. సరిగా ఉడకని పందిమాంసం తిన్నవారి పేగుల్లో పురుగు పెరుగుతుంది. వారి మలంలోని గుడ్లు నీటితోనో కూరతోనో ఇంకొకరి కడుపులోకి పోతే వారి మెదడులో, కంట్లో, నాలుకలో, కండరాల్లో చిన్నచిన్న తిత్తులు కడతాయి. అందుకే పుట్టి బుద్ధెరిగాక మాంసం ముట్టనివారికీ ఇది వస్తుంది.

మెదడులో కడితే మూర్ఛ. స్కాన్‌లో ఒకే ఒక్క చిన్న ఉంగరంలాంటి మచ్చ కనిపించే మూర్ఛ రోగులకు ఒకప్పుడు మనదేశంలో క్షయ మందులు నెలల తరబడి ఇచ్చేవారు. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ న్యూరోసర్జన్లు చాందీ, వేదాంతం రాజశేఖర్ ఆ మచ్చల్ని బయాప్సీ చేసి, వాటిలో ఎక్కువభాగం ఈ పురుగు తిత్తులేనని 1989 నుంచి వరసగా ప్రచురించారు. దాంతో అవసరం లేని క్షయ మందుల నుంచి లెక్కలేనంతమంది బయటపడ్డారు.

కండరంలో కట్టిన తిత్తిని అల్ట్రాసౌండ్ పట్టేస్తుంది. చిన్న నీటిగూడు, దాని గోడకు అంటుకుని తెల్లటి చుక్క. ఆ చుక్కే పురుగు తల. చికిత్సలో మాత్రం వరస తప్పకూడదు. మందు వేస్తే పురుగు చస్తుంది, చచ్చినప్పుడు చుట్టూ వాపు వస్తుంది. మెదడులో వాపు ప్రమాదం కాబట్టి స్టెరాయిడ్ల రక్షణతోనే ఆల్బెండజోల్ ఇస్తారు. కనుగుడ్డు లోపల తిత్తి ఉండగా మందు వేస్తే ఆ వాపుకు చూపే పోవచ్చు. అందుకే మందు మొదలుపెట్టే ముందు కంటిపాప పెద్దది చేసి లోపల చూడటం తప్పనిసరి. కంటి లోపలి తిత్తిని ఆపరేషన్‌తో తీస్తారు. కనుగుడ్డును తిప్పే కండరంలో ఉంటే మాత్రం స్టెరాయిడ్‌తో కలిపి మందులే సరిపోతాయి.

అపోహలు - నిజాలు

బుడగలున్న కార్జం తింటే హైడాటిడ్ వస్తుందా?
రాదు. మనిషికి వచ్చేది కుక్క మలంలోని గుడ్ల వల్లే. ఆ కార్జం కుక్క తింటేనే ప్రమాదం.

రోగితో కలిసి ఉంటే అంటుకుంటుందా?
హైడాటిడ్ మనిషి నుంచి మనిషికి రాదు. ఒకే ఇంట్లో ఇద్దరికి ఉంటే, ఇద్దరికీ ఒకే కుక్కో ఒకే నీరో కారణం కావచ్చు.

నులిపురుగుల మాత్ర ఏటా వేసుకుంటే తిత్తి రాదా?
ఆ ఒక్క మాత్ర తిత్తిని ఆపదు, కరిగించదు. అలాగని డాక్టరు చెప్పకుండా నెలల తరబడి మింగకూడదు.

ఆపరేషన్ అయిపోతే ఇక నిశ్చింతేనా?
మళ్లీ వచ్చే అవకాశం ఉంది. కొన్నేళ్లపాటు స్కాన్‌కు వెళుతూనే ఉండాలి. పాత కాగితాలు పారేయకండి.

ఐస్‌లాండ్ చేసి చూపించింది

ఒకప్పుడు ఈ జబ్బుకు ప్రపంచంలో పెట్టింది పేరు ఐస్‌లాండ్. గొర్రెలూ కుక్కలూ మనుషులూ ఒకే కప్పు కింద బతికిన దేశం. డెన్మార్క్ శాస్త్రవేత్త హరాల్డ్ క్రబ్బె 1863లో అక్కడికెళ్లి కుక్కల పేగుల్ని కోసి చూశాడు. జబ్బు ఎలా వస్తుందో తేటమాటల్లో చిన్న పుస్తకం రాస్తే, దాన్ని ఊరూరా ఉచితంగా పంచారు. చలికాలం రాత్రుళ్లు ఇళ్లలో పుస్తకాలు చదువుకునే అలవాటున్న జనం కాబట్టి అది తలకెక్కింది. 1869లో కుక్కలపై చట్టం వచ్చింది. తెగిన జీవాల వ్యర్థాలు కుక్కలకు అందకుండా చూడటం, కుక్కలకు పురుగు మందు వేయించడం క్రమంగా అలవాటైపోయాయి. రాజధాని రెయ్‌క్యవిక్ 1924లో కుక్కల పెంపకాన్నే నిషేధించింది. ఇప్పుడు ఆ దేశంలో ఈ జబ్బు లేదు. న్యూజిలాండ్‌, ఆస్ట్రేలియాలోని టాస్మేనియా కూడా కుక్కల మీద దృష్టి పెట్టే దాన్ని వదిలించుకున్నాయి. వీటిలో ఏదీ కొత్త ఆపరేషన్ కనిపెట్టి గెలవలేదు.

మందు మందకేనా?

మన పశుసంవర్ధక శాఖ గొర్రెలకు, మేకలకు నట్టల నివారణ మందు తాగిస్తుంది. కాపరులూ దాని విలువ తెలిసి మందను తోలుకొస్తారు. ఆ మంద వెంటే వచ్చి పక్కన కూర్చున్న కుక్క నోట్లో మాత్రం ఎవరూ మాత్ర వేయరు. ఈ జబ్బు చక్రం తెగాల్సింది సరిగ్గా అక్కడే. కుక్క పేగుల్లోని పురుగును చంపే ప్రాజిక్వాంటెల్ పాత మందే, పశువైద్యులందరికీ తెలిసిందే. ఏడాదికి కనీసం నాలుగుసార్లు వేయించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మందు వేశాక రెండు మూడు రోజులపాటు కుక్క మలాన్ని లోతుగా పూడ్చేయాలి, మందు పురుగును చంపుతుంది కానీ గుడ్లను చంపదు. వీధికుక్కల విషయంలో సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న ఇచ్చిన ఉత్తర్వులో సంతాన నిరోధక ఆపరేషన్, రేబిస్ టీకాతోపాటు పురుగు మందు మాట కూడా ఉంది. మున్సిపాలిటీలు మొదటి రెండింటి లెక్క చెప్పేటప్పుడు మూడోదాని లెక్కా చెప్పాలి.

మిగతా పని మన చేతుల్లోనిది. మాంసం కొట్టు వెనక మూతున్న గుంత ఒకటి తవ్విస్తే పంచాయతీకి పెద్ద ఖర్చేమీ కాదు. కొలుపుల నాడు వేట తెగే చోట కూడా అంతే, బుడగలున్న కార్జాన్ని కుక్కకు వేయకుండా పూడ్చడమో కాల్చడమో చేయాలి. వేయక తప్పదంటే అరగంట బాగా ఉడికించి వేయాలి. చేలో అన్నం మూట విప్పేముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి, సుగ్గి కూలీల గుడారాల దగ్గర ఆ నీళ్లూ సబ్బూ ఏర్పాటు చేయడం రైతు బాధ్యత. పచ్చి ఉల్లికాడ, కొత్తిమీర, క్యారెట్ నీళ్లు మార్చి కడగాలి. కుక్కను ముద్దు చేయండి, మూతి నాకనివ్వకండి.

మీ ఒంట్లో నొప్పిలేని గడ్డ ఏదైనా మెల్లగా పెరుగుతుంటే, డాక్టరు అడిగినా అడగకపోయినా మీరే చెప్పండి. మా ఇంట్లో కుక్క ఉంది, చిన్నప్పుడు గొర్రెలు కాశాం అని. ముందు అల్ట్రాసౌండ్ తీయించాకే సూది పరీక్ష చేయమని అడగండి. ఈసారి మీ ఊళ్లో గొర్రెలకు నట్టల మందు వేసే రోజున మీ కుక్కనూ పశువుల ఆస్పత్రికి తీసుకెళ్లండి.